కొనేవాడి కాటా

బీజింగ్, తూర్పు శివారు
2007 అక్టోబరు 9

రచయిత్రి అయిపోయిన మా సుచిన్‌కి,

నీ మేనమామ కాంగ్ బావ్‌తియన్ రాస్తున్నది. నేను బావున్నాను. ఈ కాగితం వెనకవైపు ఎవరిదో పెళ్ళిభోజనాల పట్టిక ఉంది, పద్దెనిమిది రకాలు. తిప్పి చూడకు. చూస్తే నీకు ఆకలేస్తుంది. నాకు రెండుసార్లు వేసింది.

నీ కథ చదివాను. నువ్వు పంపలేదు, అదే వెతుక్కుంటూ వచ్చి నా బండెక్కింది. ముందుగా నా సంతోషం అందుకో. మన కాంగ్‌లలో (అమ్మ వైపు వంశం కూడా వంశమే) అచ్చులో పేరు చూసుకున్నది నువ్వొక్కదానివే. మా తాత పేరు ఒకసారి పడిందిట గాని అది పన్ను ఎగ్గొట్టినవాళ్ళ జాబితాలో. అది లెక్కలోకి రాదు.

నేను బళ్ళో చదివింది మూడేళ్ళు. మిగతా చదువంతా బండిమీదే. మధ్యాహ్నం గోడనీడన బండి ఆపి, కొన్న కట్ట విప్పి, చదివి, మళ్ళీ కట్టేస్తాను. చదవని కాగితం అమ్మడానికి నాకు చేతులు రావు. అంచేత ఈ కాలపు కథల సంగతి మీ కాలేజీవాళ్ళకి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు, పైగా నాకు వాటి బరువు కూడా తెలుసు.

ఈ ఏడాది నా చేతికొచ్చిన పత్రికల్లో మా బోటివాళ్ళ కథలు పద్నాలుగు. ఇటుకలు మోసేవాళ్ళు, పాచిపని చేసేవాళ్ళు, చిత్తుకాగితాలవాళ్ళు. తొమ్మిదిమంది చచ్చారు. ఇద్దరికి మతి పోయింది. ఒకడు ఊరికి తిరిగెళ్ళాడు, అది చావుకన్నా ఏడుపుగా రాశారు. తక్కిన ఇద్దరి సంగతి తెలీదు. చివరి పేజీలు ఎవరో చింపి వేరుసెనక్కాయలు పొట్లం కట్టుకున్నారు. వాళ్ళిద్దరూ బతికే ఉంటారని నా ఆశ. ఇంకో సంగతి, అన్ని కథల్లోనూ వానే! బీజింగ్‌లో ఏడాదికి ఎన్నాళ్ళు వాన పడుతుందో ఆ రాసేవాళ్ళలో ఒక్కడైనా కిటికీ తీసి చూశాడా? ఒక్కడూ నవ్వడు. ఒక్కడూ ఇష్టంగా తినడు. మా వరసలో ఎనిమిది గదులున్నాయి. సాయంత్రమైతే మా నవ్వులు భరించలేక ఇంటి ఓనరు గోడ బాదుతాడు. ఆ గోడ చప్పుడు ఏ కథలోనూ వినపడదేం?

నీ ముసలాడూ చచ్చాడు, వానలోనే. పోనీలే. నాకు అరవై ఆరు, ఎలాగూ వరసలో నిలబడ్డవాణ్ణే. కథలో నన్ను కాస్త ముందుకు తోశావు, అంతే. కానీ ఒక్క వాక్యం ఉంది. "ముసలివాడి కాటా తోక ఎప్పుడూ ఆకాశంకేసే లేచి ఉండేది" అని.

నేను పాతకాగితాలు కొనే ఆవరణలో మూడో బ్లాకు తావ్ టీచరమ్మ, రిటైరైంది, ఆ పత్రిక తెప్పించుకుంటుంది. చదివి కిందికి దిగొచ్చింది. "కాంగ్, ఇది నువ్వే కదూ? ఎడంచేతి చిటికెనవేలు సగం, కళ్ళద్దాలకి ఓపక్క కాడ బదులు ఎర్రదారం. ఇలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరుండరు" అంది. అని, సైకిళ్ళ షెడ్డు దగ్గర పదిమందిని పోగేసి పైకి చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగి నా వంక చూసింది. ఆనాటినుంచి నేను కాటా ఎత్తితే చాలు, అందరి కళ్ళూ దాని తోకమీదే. పన్నెండేళ్ళుగా ఎవరూ అటు చూసినవాళ్ళు కారు.

పైగా ఇది ఎప్పుడొచ్చిందో చూడు. వచ్చే ఏడు ఒలింపిక్స్ కదా, ఊరంతా ఊడుస్తున్నారు. ఇకమీదట ఆవరణకి ఒక్కడే పాతసామాన్లవాడుట, మెడలో కార్డుట. మా ఆవరణకి ఎవరన్నది వసంత పండుగలోపు కాలనీ సంఘం తేలుస్తుంది. నేనో, కరెంటు కాటా పెట్టుకున్న దక్షిణవీధి పెంగో. వాడూ మన జిల్లావాడే, మంచివాడే, కానీ గేటు ఒక్కటే.

ఇంతకన్నా చెప్పేదేం లేదు. ఆలోచించే రాసి ఉంటావు.

నువ్వు చంపినా చావని,
నీ మామయ్య


వూహాన్
అక్టోబరు 23

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, పట్టిక కూడా. ఆకలేసింది.

మెచ్చుకోవడం నీకు ఎప్పుడూ రాదు. చిన్నప్పుడు నేను పరీక్షలో మొదటొస్తే "మిగతావాళ్ళకి జ్వరమా?" అన్నవాడివి. కానీ ఈసారి దొరికిపోయావు. కథ మొత్తంలో నువ్వు పట్టుకున్నది ఆ ఒక్క వాక్యం! నేను ప్రాణం పెట్టి రాసింది కూడా అదే మామయ్యా.

గుషి బజారులో అమ్మ కొట్టు వెనకాల ముల్లంగి బుట్టలో పడుకుని నేను చూసిన ఆకాశం అంతా ఆ కాటా తోక మీదుగానే. అమ్మ కాటా కర్రమీద గుండు జరిపి వదలగానే ఆ కర్ర చివర, అదే తోక, చివ్వున లేచేది. "లేవాలే పిల్లా, లేస్తేనే మనిషి రేపు మళ్ళీ వస్తాడు" అనేది. నీ గురించి రాయాలనుకున్నప్పుడు నాకు మొదట కనిపించింది ఆ తోకే. కథలో ముసలాడికి ఇల్లు ఇవ్వలేదు, పిల్లల్ని ఇవ్వలేదు. నేనిచ్చిన ఆస్తి అదొక్కటే.

చంపినందుకు క్షమించు. బతికించి మూడు కథలు పంపితే మూడూ తిరిగొచ్చాయి. "ఇంకా లోతు కావాలి" అన్నారు. లోతంటే ఆరడుగుల గొయ్యని నాలుగోదానికి అర్థమైంది.

రెండు శుభవార్తలు. వసంతంలో నా కథలు పుస్తకంగా వస్తున్నాయి, అట్టవెనక ఆ వాక్యమే వేస్తారుట. రెండోది, మీ ఆవరణలో అందరూ నీ కాటాని అంత గౌరవంగా చూస్తున్నారని తెలిసి ఊరుకోలేకపోయాను. తావ్ టీచరమ్మకి ఈ టపాలోనే వేరే ఉత్తరం రాశాను. "ఆ ముసలాయన మా మామయ్యే. ప్రతి అక్షరమూ నిజం. ఆ కాటా తోక లేవడం నేను కళ్ళారా చూశాను, నాకది గర్వం" అని. గేటు విషయంలో అది నీకు పనికొస్తుంది.

ఆ గోడ చప్పుడు తర్వాతి కథలో పెడతాను.

నీ సుచిన్


బీజింగ్
నవంబరు 7

సుచిన్,

నిన్ను తిట్టడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మధ్యలో నవ్వొచ్చింది. తర్వాత మళ్ళీ కోపమొచ్చింది. నువ్వు కూడా ఈ వరసలోనే చదువుకో.

నీ సిఫారసు చేరింది. చేరడమేమిటి, తావ్ టీచరమ్మ దాన్నీ సైకిళ్ళ షెడ్డు దగ్గర చదివింది. ఆవిడకి ముప్ఫయ్యేళ్ళ అలవాటు, చేతిలో కాగితముంటే గొంతు ఊరుకోదు. తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"విన్నారా? మేనకోడలే సాక్ష్యం! కళ్ళారా చూసిందిట!"

"చదువుకున్న పిల్ల. ఊరికే ఎందుకు రాస్తుంది?"

"పన్నెండేళ్ళ పేపర్లు బాబోయ్! మా ఒక్క ఇంటివే ఎన్ని కిలోలు మింగాడో!"

"పైగా గర్వమట! ఆ వంశానికంతా గర్వమట!"

అయిదో బ్లాకాయన మర్నాడు చేపల బజారులో కొన్న స్ప్రింగు కాటా పట్టుకొచ్చాడు. నా తూకం అయ్యాక తన కాటాకి తగిలించి, కళ్ళు చిట్లించి చూశాడు. కాటా జేబులో వేసుకుని మేడెక్కాడు. కానీ పక్కింటావిడ అది అరువడిగింది. ఇప్పుడా కాటా ఇంటింటికీ తిరుగుతోంది, మా ఊళ్ళో పురిటి మంత్రసాని తిరిగినట్టు.

ఇప్పుడు పాఠం విను. మీ అమ్మ అమ్మే మనిషి. ముల్లంగి కొక్కేనికి తగిలించి, గుండుని కిలో గీతమీద పెట్టి వదిలితే తోక లేచిందీ అంటే, సరుకు కిలోకన్నా ఎక్కువ ఉందన్నమాట. ఆ ఎక్కువ ఎదుటివాళ్ళ సంచిలోకి పోతుంది. దాన్ని కొసరంటారు, పుణ్యమంటారు. నేను కొనే మనిషిని. నా కొక్కేనికి వేలాడేది ఎదుటివాడి సొత్తు. నా తోక లేచిందీ అంటే, వాడిది ఎక్కువ తీసుకుని తక్కువకి లెక్కకట్టానన్నమాట. దాన్ని దొంగతనమంటారు. నీ పుస్తకం అట్టమీద వేస్తారుట కదా, నా ఫొటో కూడా వేయించు, పోలీసులకి వెతుకులాట తప్పుతుంది.

మా వృత్తిలో తోకని వెంట్రుకవాసి కిందికే ఉంచుతాం. ఆ వెంట్రుకవాసే నా పన్నెండేళ్ళ సంపాదన. తడిపిన అట్టలు బరువని అమ్మేవాళ్ళని చూశాను, కాగితాల మధ్య ఇటుక పెట్టి కట్టేవాళ్ళని చూశాను. నేను ఆ పని చేయలేదని ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇప్పుడూ చెప్పలేదు. షెడ్డు దగ్గర అన్ని మాటలు పడి, కట్టలు కట్టుకుని, బండి తొక్కుకుంటూ వచ్చేశాను. తన కాటా గురించి తనే చెప్పుకునేవాడి దగ్గర నేనైతే అమ్మను, కొనను.

పెంగ్ మాత్రం గదికొచ్చి జొన్నసారా సీసా నా ముందు పెట్టాడు. "పెద్దన్నా, గేటు నాకొచ్చినా ఇలా రావడం నాకిష్టం లేదు" అన్నాడు. నీ కథల్లో పెంగ్ లాంటివాడు ఉండడు. ఉంటే ఆ సారా తాగి ఏడుస్తాడు. మేం తాగి పేకాడాం. వాడు ఓడిపోయాడు.

బావ్‌తియన్


గుషి
నవంబరు 24

మామయ్యా,

ఇది వూహాన్‌నుంచి కాదు, అమ్మ కొట్టునుంచి రాస్తున్నాను. నీ ఉత్తరం చదివాక పాఠాలు చెప్పలేకపోయాను. సెలవు పెట్టి రైలెక్కాను.

అమ్మకి చదివి వినిపించాను. తను కాటా నా చేతికిచ్చి, "ఇప్పుడు నువ్వు పాత సంచులు కొనేదానివి. నేను అమ్మేదాన్ని. తూచు" అంది. ముప్ఫయ్యేళ్ళు చూసిన అలవాటుకొద్దీ తోక లేపి తూచాను. చేతిమీద ఒక్కటిచ్చింది. "దొంగమొహమా! పట్టపగలు నా సంచులు కాజేస్తావే!" బజారంతా నవ్వింది. టోఫూ అమ్మే ఆయన ఇంకోసారి తూచి చూపించమని అడిగాడు. తర్వాత అమ్మ బుట్టల వెనక్కి వెళ్ళి చాలాసేపు క్యారెట్లు సర్దింది. వచ్చాక ఒకే మాట అంది. "కరువులో మా అన్న ఇంటికి తెచ్చిన పిండి ఎప్పుడూ చెప్పినదానికన్నా ఎక్కువే ఉండేది. తన వంతు తినకుండా అందులో కలిపేవాడని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. అలాంటివాణ్ణా నువ్వు..." అని ఆపేసింది.

పత్రిక సంపాదకుడికి ఫోన్ చేశాను. "ఎవరూ గమనించరమ్మా, వాక్యం అందంగా ఉంది, ఉండనీ" అన్నాడు. పాఠకులు గమనించరుట! మీ ఆవరణంతా గమనించాక కూడా.

రెండు చేయగలను. బీజింగ్ వచ్చి ఆ షెడ్డు దగ్గరే నిలబడి నా తప్పు చెప్పగలను. లేదా పత్రికలో సవరణ వేయించగలను. ఏది చేయమంటావో రాయి. రెండూ చేస్తానంటే కాదనకు.

తల ఎత్తలేని,
సుచిన్


బీజింగ్
డిసెంబరు 6

సుచిన్ తల్లీ,

రెండూ వద్దు.

ఇక్కడ చలి ముదిరింది. మెట్లమీదంతా శీతాకాలపు క్యాబేజీలు పేర్చేశారు, మనుషులు పక్కకి తిరిగి నడవాలి. అయిదో బ్లాకాయన తన క్యాబేజీలు మూడో అంతస్తుకి మోయడానికి నన్నే పిలిచాడు. మోశాను. ఆ స్ప్రింగు కాటా ఆయన తలుపుకి వేలాడుతోంది. "బాగా పనిచేస్తోందా?" అని అడిగాను. ఎర్రబడి, టీ తాగి వెళ్ళమన్నాడు. తాగలేదు.

నువ్వు వచ్చి షెడ్డు దగ్గర చెప్తే ఏమవుతుందో విను. "మామయ్య ఏడిస్తే పిల్ల వచ్చి మాట మార్చింది" అంటారు. వకీలుని పెట్టుకున్న కాటాని ఎవడూ నమ్మడు. అదీగాక, నా కోసం ఎవరైనా బతిమాలడం నాకు ఒంటికి పడదు. తిన్నా అరగదు.

ఇక సవరణ. అది నేను వద్దనేది నా కోసం కాదు. నేను తొమ్మిదిమంది చావులు చదివి నవ్వుకున్నవాణ్ణి, నాకేమవుతుంది? నువ్వు కొత్తగా పేరు తెచ్చుకుంటున్నదానివి. "నేను తెలీకుండా రాశాను" అని నువ్వే అచ్చువేయిస్తే, రేపు తెలిసి రాసినదాన్ని కూడా నమ్మరు. నీ పళ్ళెం నువ్వే తన్నుకోకు. నాకు గేటు పోతే ఇంకో గేటు. నీకు పేరు పోతే ఇంకో పేరు ఎక్కడ దొరుకుతుంది?

మీ అమ్మతో చెప్పు, ఆ పిండి సంగతి ఆవిడ కల్పన. నేను తినేవాణ్ణి, శుభ్రంగా. కథలు రాయడం నీకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడర్థమైంది.

ఈ విషయం ఇంతటితో మూసేశాను.

బావ్‌తియన్


వూహాన్
2008 జనవరి 12

మామయ్యా,

నీ మాట విన్నాను. వినలేదు. నీ మొండితనం నాకూ కొంచెం పంచావు కదా, దాన్ని వడ్డీతో సహా చెల్లిస్తున్నాను.

పుస్తకంలోంచి ఆ కథ తీసేశాను. అచ్చువాళ్ళు తిట్టుకున్నారు. అట్టవెనక ఇప్పుడు ఏ వాక్యమూ లేదు. జనవరి సంచికలో కింది ముక్క వచ్చింది. సంపాదకుడు ఒప్పుకోలేదు. తర్వాతి కథ ఇవ్వనన్నాను. ఒప్పుకున్నాడు. ఇక్కడ ఎత్తిరాస్తున్నాను, నీ బండెక్కేదాకా ఆగలేక.

"అక్టోబరులో అచ్చయిన నా కథలో, పాతసామాన్లు కొనే వృద్ధుడి కాటా తోక ఎప్పుడూ ఆకాశంకేసి లేచి ఉండేదని రాశాను. పొగడ్తగా రాశాను. నేను అమ్మేవాళ్ళ కొట్టులో పెరిగినదాన్ని. అమ్మేవాళ్ళ తోక లేస్తే అది కొసరు. కొనేవాళ్ళ తోక లేస్తే అది దొంగతనం. ఆ తేడా నేను అడగలేదు. ఏ మనిషిని చూసి రాశానో ఆయన తోక ఏనాడూ లేవలేదు. ఆయన చేతిలోని పనిముట్టునే సరిగా చూడనిదాన్ని, ఆయన కష్టాన్ని చూశానని నలుగురిచేతా అనిపించుకున్నాను. ఈ తప్పు నాది, ఆయనది కాదు."

నువ్వు బతిమాలడం వద్దన్నావు. చదివి చూడు, ఇందులో బతిమాలిన మాట ఒక్కటీ లేదు.

నీ సుచిన్


బీజింగ్
ఫిబ్రవరి 2

సుచిన్,

వద్దన్న పని చేశావు. దాని గురించి తిట్లు పండుగ అయ్యాక, ముఖాముఖి. కొన్ని కొత్తవి తయారుచేసి ఉంచాను.

మొన్న బుధవారం సంఘం కూర్చుంది. బాయిలరు గదిలో పెట్టారు, వెచ్చగా ఉంటుందని. నన్నూ పెంగ్‌నీ పిలిచి, తలుపు దగ్గర బల్లమీద కూర్చోబెట్టారు. పెళ్ళిచూపుల్లో పిల్లల్లా ఉన్నాం ఇద్దరం. తావ్ టీచరమ్మ సంచిలోంచి జనవరి సంచిక తీసింది. లేచి నిలబడి చదివింది. షెడ్డు దగ్గర చదివిన గొంతు కాదు. మధ్యలో ఒకచోట ఆగి నీళ్ళు తాగింది. అయిపోయాక అయిదో బ్లాకాయన లేచాడు.

"నేను నలభై ఒక్కసార్లు తిరిగి తూచానండీ" అన్నాడు. "చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ప్రతిసారీ నాకే కాస్త ఎక్కువ ముట్టింది."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అన్నారెవరో.

"క్యాబేజీ!" అన్నాడు పెంగ్. గది గొల్లుమంది.

సంఘం పెద్ద దగ్గి, "సరే, గేటు కాంగ్‌కే. కానీ కాలం మారింది. ఆ కర్ర కాటా మానేసి కరెంటుది పెట్టుకోవాలి. ఇకముందు ఎవరికీ అనుమానం ఉండదు" అన్నాడు.

నేను లేచాను. నాలుగు నెలల్లో నా కాటా గురించి ఆ ఆవరణలో నేను నోరు విప్పింది అప్పుడే. "అనుమానం మీది. కాటా నాది. మీ అనుమానానికి నా కాటాని మార్చను. గేటు పెంగ్‌కి ఇవ్వండి, వాడి దగ్గర కరెంటుది ఉంది" అని బయటికొచ్చేశాను. వెనకాల పెంగ్, "నాకొద్దు, నాకొద్దు" అని అరుస్తున్నాడు. నీ కథలో అయితే ఇక్కడ వాన పడాలి. మంచు కూడా పడలేదు. ఎండ కాస్తోంది.

గదికొచ్చి మూటలు సర్దడం మొదలెట్టాను. పన్నెండేళ్ళలో మూటలు రెండే అయ్యాయి, ఒకటి బట్టలు, ఒకటి పుస్తకాలు. రెండోది ఎత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున్న ఆ వీధిగుండానే పోవాలి, వేరే దారి లేదు. గేటు ముందునుంచి తల తిప్పకుండా తొక్కుతున్నాను. పైనుంచి కేక.

"కాంగ్! ఏవయ్యా కాంగ్! చెవుడా? పండుగ శుభ్రం చేస్తున్నాను, పేపర్లు గుట్టలైపోయాయి!"

"నాకు కార్డు లేదు టీచరమ్మా!"

"ఆ షరతు నిన్ననే కొట్టేశాం. అందరం చేతులెత్తాం. కార్డు నా దగ్గరే ఉంది. పైకి రా!"

"కర్ర కాటాయే తెచ్చాను!"

"ఏదో ఒకటి! రా ముందు!"

వెళ్ళాను. గుమ్మం బయట నాలుగు కట్టలు. నేను కాటా తీసి, మొదటి కట్ట కొక్కేనికి తగిలిస్తున్నాను. ఆవిడ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. ఇంతలో లోపల్నుంచి చుయ్యిమని చప్పుడు.

"అయ్యో, గంజి పొంగింది!" అని లోపలికి పరిగెత్తింది. అక్కణ్ణుంచే అరిచింది. "నువ్వు తూచుకో, ఎంతయితే అంత గుమ్మం పక్క గూట్లో పెట్టి వెళ్ళు! కార్డు అక్కడే ఉంది, మెడలో వేసుకో. నేను ఇప్పట్లో రాలేను, పొయ్యంతా పాడైంది!"

తలుపు బార్లా తెరిచే ఉంది. మెట్లమీద ఎవరూ లేరు. నేనూ, నా కాటా, నాలుగు కట్టలు. లోపల ఆవిడ గిన్నె గీకుతూ తనలో తనే సణుక్కుంటోంది. సుచిన్, నా జన్మలో అంత నిదానంగా ఎన్నడూ తూచలేదు. నాలుగు కట్టలు, నాలుగుసార్లు. ఒక్కో కట్టకీ ఊపిరి బిగబట్టి, గుండు కదలడం ఆగేదాకా ఆగాను. డబ్బు గూట్లో పెట్టాను. కార్డు తీసుకున్నాను. దిగొచ్చేశాను. ఆవిడ ఇంకా పొయ్యి తుడుస్తూనే ఉంది.

తోక ఎటు చూసిందని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. చెప్పను. ఆవిడే అడగలేదు, నీకెందుకు?

గేటు దగ్గరినుంచి,
నీ మామయ్య